మొత్తం ఎందుకు మారలేదు?

(విజయవాడలో బీటెక్ విద్యార్థులు, కొందరు అకౌంటెంట్లు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. బెజవాడ ఎండ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి ప్రసంగం కోసం కాకుండా ఏసీ కోసం వచ్చినవాళ్ళు కూడా మొహమాటపడకుండా ముందుకొచ్చి కూర్చోండి. (నవ్వులు)

నేను ఇరవై ఏళ్ళుగా ఫారాలు చేసి బతుకుతున్నాను. ఈ మాట బయట అంటే జనానికి వేరేగా వినపడుతుంది. మా పెదనాన్న వరస ఆయన ఒకరు నాకు గవర్నర్‌పేటలో ప్రింటింగ్ ప్రెస్సు ఉందనే ఇప్పటికీ అనుకుంటారు. మనవడి పెళ్ళికి శుభలేఖలు ఎంతలో అవుతాయిరా అని మొన్న కూడా ఫోన్ చేశారు. నేను చేసేవి కంప్యూటర్లో నింపే ఫారాలు. మీరు అంకె కొడితే కింద మొత్తం దానంతటదే వస్తుంది చూడండి, ఆ "దానంతటదే" అనే ముక్క వెనకాల ఉండే పని నాది.

మొదట ఒక తప్పు చెప్తాను. తప్పు నాదే.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టుకి బిల్లు ఫారం చేసిచ్చాను. పీడీఎఫ్ ఫారం. పైన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎన్ని, దాని కింద క్వింటా ధర, దాని కింద కాటా బరువు. ఆ కింద మొత్తం, ఆపైన కమిషనూ హమాలీ పోను రైతు చేతికి వచ్చేది. ఇంట్లో పదిసార్లు నింపి చూసుకున్నాను. పదిసార్లూ సరిగ్గా వచ్చింది.

మర్నాడు కొట్లో గుమాస్తాగారు కూర్చుని 42 టిక్కీలు అని కొట్టారు. ధర 15,000. బరువు 1,764 కిలోలు. మొత్తం 2,64,600 అని వచ్చింది, బాగానే ఉంది. ఈలోగా పక్కన బేరం ఇంకా నడుస్తూనే ఉంది, చివరికి 15,200కి తెగింది. ఆయన మౌసుతో పైకి వెళ్ళి ధర గడిలో 15,200 కొట్టి, నేరుగా ప్రింటు నొక్కి, కాగితం రైతు చేతిలో పెట్టారు. రైతు కాగితం అటూ ఇటూ తిప్పి, "ఏమయ్యా, క్వింటాకి రెండొందలు పెరిగిందన్నారుగా. పదిహేడున్నర క్వింటాళ్ళకి మూడు వేల అయిదొందలు పెరగాలి. ఇదేంటి, పాత లెక్కే ఉంది?" అన్నాడు. కాలిక్యులేటర్ లేదు, పెన్ను లేదు. అచ్చంగా లెక్కేస్తే తేడా 3,528. నా ఫారం పట్టుకోలేనిది ఆయన నోటి లెక్కతో పట్టుకున్నాడు.

గుమాస్తాగారు నాకు ఫోన్ చేసి, "బాబూ, నీ కంప్యూటరు దొంగ లెక్కలు చెప్తోంది, వచ్చి చూసుకో" అన్నారు. వెళ్ళి చూస్తే సూత్రంలో తప్పేం లేదు. బరువుని వందతో భాగించి ధరతో గుణించడం, అంతకంటే అందులో ఏముంది? తప్పల్లా దాన్ని నేను పెట్టిన చోటులో ఉంది. బరువు గడి "ఎగ్జిట్" ఈవెంట్‌లో పెట్టాను. అంటే బరువు గడిలోంచి బయటికి వచ్చినప్పుడు లెక్క వెయ్యి అని. ఇంట్లో నేను పై నుంచి కిందికి, ట్యాబ్ నొక్కుకుంటూ, బుద్ధిమంతుడిలా నింపాను. ఆఖరి గడి బరువే కాబట్టి ప్రతిసారీ లెక్క నడిచింది. గుమాస్తాగారు ధర మార్చాక బరువు గడిలోకి వెళ్ళనే లేదు. వెళ్ళనివాడు బయటికి ఎలా వస్తాడు? స్క్రిప్టుకి కబురే అందలేదు.

ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇదొక్కటే. ఫారాల్లో లెక్క తప్పడం తక్కువ. లెక్క నడవాల్సిన వేళ తప్పడమే ఎక్కువ.

ఈవెంట్ అంటే ఏమిటో మీ పుస్తకంలో ఉంటుంది, నేను మన ఊరి సంగతితో చెప్తాను. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద వస్తే ఏం చేస్తారు? ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకి చేరితే రెండోది. ఆ గీత దాటడం ఈవెంట్. దాటగానే ఎవరికి ఫోన్ వెళ్ళాలి, ఏ లంక గ్రామానికి కబురు పంపాలి అని ముందే రాసిపెట్టుకున్నది స్క్రిప్ట్. బ్రహ్మాండమైన జాబితా రాసిపెట్టుకుని దాన్ని తప్పు గీతకి కట్టామనుకోండి, నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాక ఫోన్ మోగుతుంది. నా మిర్చి బిల్లులో జరిగింది అదే.

మరి ఎక్కడ పెట్టాలి? మొత్తం గడిలోనే పెట్టాలి, దాని "క్యాలిక్యులేట్" ఈవెంట్‌లో. ఆ ఫారం అడోబ్ కంపెనీవాళ్ళ లైవ్‌సైకిల్ డిజైనర్ అనే ఫారాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో చేసింది, ఎక్స్‌ఎఫ్‌ఏ అనే రకం పీడీఎఫ్ ఫారం. అందులో ఒక మంచి గుణం ఉంది. మొత్తం గడిలో "బరువు / 100 * ధర" అని రాస్తే, ఈ గడి ఆ రెండింటి మీద ఆధారపడిందని అదే గుర్తుపెట్టుకుంటుంది. రెండింటిలో ఏది మారినా, ఎవరు మార్చినా, చేత్తో కొట్టినా ఫైల్లోంచి డేటా తెచ్చి పోసినా, మొత్తం మళ్ళీ లెక్క కడుతుంది. ఎగ్జిట్ అలా కాదు. మనిషి ఆ గడిలోకి వెళ్ళి రావాలి. డేటా ఫైల్లోంచి వచ్చి పడితే ఎగ్జిట్ అసలు పలకదు.

అక్కడ రాసే ఫామ్‌క్యాల్క్ అనే చిన్న భాష కూడా అకౌంటెంట్లకి అచ్చొచ్చేదే, ఎక్సెల్ సూత్రం రాసినట్టే ఉంటుంది. ఇది అడోబ్ సొంతంగా పుట్టించింది కాదు. జెట్‌ఫామ్ అని ఒక కంపెనీ ఉండేది, తర్వాత యాక్సెలియో అని పేరు మార్చుకుంది, 2002లో అడోబ్ దాన్ని కొనేసింది. ఎక్స్‌ఎఫ్‌ఏ ఆ ఇంటి నుంచి వచ్చిన సరుకు. కంపెనీల చట్టం కింద దాఖలు చేసే ఎంసీఏ21 అనే ప్రభుత్వ పోర్టల్ ఫారాలు 2006 నుంచి చాలాకాలం పీడీఎఫ్‌లే. ఇక్కడున్న సీఏ ఆఫీసుల వాళ్ళు "చెక్ ఫామ్", "ప్రీ స్క్రూటినీ" అని బటన్లు నొక్కి నొక్కి అలసిపోయిన వాళ్ళే. (నవ్వులు) ఆ ప్రతి నొక్కూ ఒక ఈవెంటే. 2017లో వచ్చిన పీడీఎఫ్ 2.0 ప్రమాణం ఎక్స్‌ఎఫ్‌ఏని పక్కన పెట్టేసింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు అందులో ఇల్లు కట్టుకోకండి. అయితే అది నేర్పిన పాఠం వెబ్ ఫారంలోనూ పనికొస్తుంది.

ఇంకో రకం పీడీఎఫ్ ఫారం ఉంది. 1996 నుంచి, పీడీఎఫ్ 1.2 నుంచి ఉన్నది. దాన్ని యాక్రోఫామ్ అంటారు. అందులో లెక్కల తీరు వేరు. ఏది దేని మీద ఆధారపడిందో అది పట్టించుకోదు. ఏ ఒక్క గడి మారినా సరే, లెక్కలున్న గడులన్నిటినీ ఒక వరసలో నడిపిస్తుంది. ఆ వరసని క్యాలిక్యులేషన్ ఆర్డర్ అంటారు, ఫైలు లోపల ఒక జాబితాగా ఉంటుంది. ఆ జాబితాలో "మొత్తం" ముందూ "పన్ను" తర్వాతా ఉన్నాయనుకోండి. మీరు ధర మార్చగానే ముందు మొత్తం లెక్క కడుతుంది, పాత పన్నుతో. ఆ తర్వాత పన్ను మారుతుంది. మీకు కనిపించేది కొత్త పన్ను, పాత మొత్తం. ఇంకో గడి ఏదైనా కదిలిస్తే అప్పుడు మొత్తం సర్దుకుంటుంది. ఎప్పుడూ ఒక అడుగు వెనకే. పెళ్ళి భోజనాల్లో సాంబారు తినేసి రసం పోసుకున్నాక సాంబారులోకి అప్పడం తెచ్చినట్టు.

ఇది కొత్త జబ్బు కూడా కాదు. 1979లో వచ్చిన విసిక్యాల్క్, మొట్టమొదటి పేరున్న స్ప్రెడ్‌షీట్, అడ్డ వరసలోనో నిలువు వరసలోనో లెక్క కట్టుకుంటూ పోయేది. కింది గడి మీద ఆధారపడిన సూత్రం పైన రాస్తే మొదటిసారి తప్పు చూపించేది, ఇంకోసారి లెక్క కట్టిస్తే సరిపోయేది. 1983లో లోటస్ 1-2-3 వచ్చి, ముందు దేని లెక్క తేలాలో చూసుకుని ఆ క్రమంలో కట్టడం మొదలుపెట్టింది. నలభై ఏళ్ళ కిందటే తెలిసిన సంగతి. అయినా ఇవాళ్టికీ నా దగ్గరికి వచ్చే రిపేరు ఫారాల్లో చాలావాటికి ఉన్న రోగం ఇదే. తెరిచి, ఆ వరసలో పన్నుని పైకి జరిపి, టీ తాగి వచ్చేస్తాను. డబ్బులు మాత్రం పూర్తిగానే తీసుకుంటాను. (నవ్వులు)

ఇప్పుడు "చేంజ్" దగ్గరికి వద్దాం. కొత్తగా చేరిన కుర్రాళ్ళందరికీ ఇది ప్రాణం. అక్షరం కొట్టగానే స్పందించాలి, అప్పుడే ఫారం హుషారుగా ఉన్నట్టు అని వాళ్ళ లెక్క. నేనూ అలాగే అనుకున్నాను ఒకప్పుడు.

జీఎస్టీ నంబరు తీసుకోండి. 15 అక్షరాలు. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్, మనకి 37, తెలంగాణకి 36. తర్వాత పది అక్షరాలు పాన్ నంబరు. చివరి అక్షరం ముందున్న పద్నాలుగింటి నుంచి లెక్కగట్టి తేల్చే సరిచూపు అక్షరం. ఒక బిల్లు ఫారంలో కొనేవాడి నంబరు కొట్టగానే, మొదటి రెండూ 37 అయితే పన్నుని కేంద్రానికి సీజీఎస్టీ, రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ అని రెండుగా చీల్చాలి, వేరే రాష్ట్రమైతే ఐజీఎస్టీ అని ఒకటిగా చూపాలి. సరుకు ఎక్కడికి చేరుతుందన్నది కూడా చూడాలని అకౌంటెంట్లు ఇప్పుడే చెయ్యెత్తబోతున్నారు, ఒప్పుకుంటాను, ఉదాహరణ కోసం వదిలేద్దాం.

మా దగ్గర చేరిన కుర్రాడు ఈ పరీక్షని వెబ్ ఫారంలో అక్షరం అక్షరానికీ నడిచేలా పెట్టాడు. వాడు పెట్టిన వరస ఎలా ఉందంటే: 3 కొట్టగానే 37 కాదు కాబట్టి ఐజీఎస్టీ గడి తెరుచుకుంది. 7 కొట్టగానే అది మూసుకుని రెండు గడులు తెరుచుకున్నాయి. తెర ఎగిరిపడింది. దానికి తోడు నంబరు 15 అక్షరాలు లేకపోతే "జీఎస్టీ నంబరు తప్పు" అని పెట్టె రావాలని కూడా అక్కడే రాశాడు. పదిహేను అక్షరాల నంబరు కొట్టడానికి పద్నాలుగు తిట్లు తినాలి. కొట్టేవాడు తప్పు చేశాడా? ఇంకా కొట్టడం పూర్తవలేదంతే. మాట పూర్తికాకముందే తప్పుబట్టే మామగారిలా ఉంది ఫారం.

వెబ్‌లో ఈ రెండిటికీ రెండు పేర్లున్నాయి. అక్షరం పడ్డప్పుడల్లా పలికేది "ఇన్‌పుట్". గడిలో పని ముగించి పక్కకి వెళ్ళాక, విలువ నిజంగా మారి ఉంటేనే పలికేది "చేంజ్". ఎక్స్‌ఎఫ్‌ఏలో మాత్రం చేంజ్ అంటే అక్షరం అక్షరానికీ అని అర్థం. ఒకే మాట రెండు ఊళ్ళలో రెండు అర్థాలు. మన దగ్గర "తమ్ముడూ" అని ఎవరినైనా పిలుస్తాం కదా, అలా కాదు, ఇక్కడ ఎవరి తమ్ముడో తెలియకపోతే గొడవే. పైగా ఎక్స్‌ఎఫ్‌ఏ చేంజ్‌లో ఉండగా గడి విలువ అడిగితే పాత విలువే చెప్తుంది. కొట్టింది ఇంకా గడిలోకి దిగలేదు. కొత్తది కావాలంటే ఈవెంట్‌నే అడగాలి, "న్యూటెక్స్ట్" ఎంతా అని. ఇది తెలియక నేను ఒక రాత్రంతా కూర్చున్నాను.

వెబ్ ఫారంలో గడిలోంచి తీసిన విలువ అంకెలా కనిపించినా అది అక్షరాల దండే. 500కి 50 కలిపితే 550 రావాలి, వెబ్ ఫారాల స్క్రిప్టులు రాసే భాష జావాస్క్రిప్ట్ రెండు దండల్నీ పక్కపక్కన కట్టి 50050 అంటుంది. ఒక బిల్లులో హమాలీ 500, ఆటో కిరాయి 50. కస్టమర్ యాభై వేల యాభై చూసి నాకేం చెప్పలేదు, నా ముఖం చూసి నవ్వాడంతే. ముందు అంకెగా మార్చుకోండి. పైసలు ఉంటే మొత్తం పైసల్లోకి మార్చి లెక్క కట్టి, చివర్లో రూపాయలుగా చూపించండి. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అని చెప్పే మనిషి అది. దానికి పైసల దగ్గర పెత్తనం ఇవ్వకూడదు.

చూపించడం, దాచుకోవడం వేరువేరు అన్నది కూడా ఇక్కడే చెప్పాలి. గడిలో 264600 ఉంటుంది, కంటికి 2,64,600 అని కనిపించాలి. యాక్రోఫామ్‌లో విలువ ఖాయమైనప్పుడు ముందు సరిచూసే వ్యాలిడేట్, తర్వాత లెక్క కట్టే క్యాలిక్యులేట్, ఆఖరున ఫార్మాట్ పలుకుతాయి. కామాలు పెట్టే పని ఫార్మాట్‌ది. అది అద్దం లాంటిది, లోపలి అంకెని ముట్టుకోదు. ఈ ఫారాలు తయారుచేసే అడోబ్ అక్రోబాట్ ఇచ్చే సిద్ధ నమూనాల్లో వేలకి కామా పెట్టే పద్ధతులు ఉన్నాయి గానీ, లక్షల దగ్గర మనలా పెట్టేది లేదు. 264,600 అని వస్తుంది. మన రైతుకి అది చదవడం ఇబ్బంది. అందుకని ఫార్మాట్‌లో సొంత స్క్రిప్టు రాయాలి. ఆ కామాలని వ్యాలిడేట్‌లోనో క్యాలిక్యులేట్‌లోనో దూర్చారో, తర్వాత లెక్కకి కామా అడ్డం పడుతుంది.

తేదీ సంగతి. ఫారం తెరవగానే ఇవాళ్టి తేదీ వేసెయ్యాలని "ఇనిషియలైజ్" ఈవెంట్‌లో రాస్తారు. మొదటిరోజు ముచ్చటగా ఉంటుంది. పదో తారీఖున నింపి సేవ్ చేసిన దరఖాస్తుని పన్నెండున ఆఫీసరు తెరిస్తే పన్నెండో తారీఖు పడుతుంది. పదిహేనున ఇంకొకరు తెరిస్తే పదిహేను. ఆఖరి గడువు పదకొండు అనుకోండి, ఆ దరఖాస్తుదారుడి గతేంటి? స్క్రిప్టు అనుకున్నట్టే పనిచేసింది, తెరిచినప్పుడల్లా వెయ్యమన్నారు, వేసింది. గడి ఖాళీగా ఉంటేనే వెయ్యి అని ఒక్క ముక్క చేరిస్తే పోయేది.

ఇప్పుడు మన భాష సంగతి. దీని గురించి బయటి పుస్తకాల్లో మీకు పెద్దగా దొరకదు, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

"శ్రీలక్ష్మి" అని బోర్డు మీద రాస్తున్నాను. ఎన్ని అక్షరాలు? (సభలోంచి: మూడు) మూడు. శ్రీ, ల, క్ష్మి. కంప్యూటర్ని అడగండి, పదకొండు అంటుంది. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, అవి నాలుగు. ల ఒకటి, అయిదు. క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, అవి ఆరు. మొత్తం పదకొండు. ఇప్పుడు ఎవరో పేరు పది అక్షరాలు దాటకూడదని, ఇన్‌పుట్ ఈవెంట్‌లో మిగతాది కత్తిరించే స్క్రిప్టు రాశారు. ఇంగ్లీషులో పది అక్షరాలంటే చాలా పేర్లకి సరిపోతుంది. ఇక్కడ పదకొండోది గుడి. అది ఎగిరిపోయింది. శ్రీలక్ష్మి కాస్తా శ్రీలక్ష్మ అయింది. ఆవిడ ఆ పేరుతో వచ్చిన కార్డు పట్టుకుని ఆధార్‌తో సరిపోలట్లేదని ఆఫీసుల చుట్టూ తిరగాలి. కత్తిరించినవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

రెండోది, మనలో చాలామంది ఫోన్లో తెలుగు ఎలా కొడతారు? ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే పైన తెలుగు మాట చూపిస్తుంది, దాన్ని నొక్కుతాం. ఆ మాట కుదిరేవరకు జరిగేదాన్ని కంపోజిషన్ అంటారు. మొదలైనప్పుడు ఒక ఈవెంట్, ముగిసినప్పుడు ఒక ఈవెంట్ ఉంటాయి. మధ్యలో కూడా ఇన్‌పుట్ పలుకుతూనే ఉంటుంది, సగం ఉడికిన మాటతో. ఆ సగం మాట మీద మీ స్క్రిప్టు చెయ్యి వేసి గడిని తిరగరాసిందా, కీబోర్డు తికమకపడి అక్షరాలు చెదిరిపోతాయి. ఏ మీట నొక్కారో చూసి ఆపుదాం అనుకుంటే, ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఇలాంటప్పుడు దాదాపు అన్ని మీటలకీ 229 అనే ఒకే కోడ్ వస్తుంది. గుమ్మం దగ్గర అందరూ మాస్కులు పెట్టుకుని వస్తే కాపలావాడు ఎవరిని గుర్తుపడతాడు? కంపోజిషన్ ముగిశాక చూసుకోండి. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి.

ఇంకొక్కటి. పీడీఎఫ్ ఫారాన్ని వాట్సాప్‌లో పంపిస్తారు. ఫోన్లో తెరిచేవాటిలో చాలావాటికి స్క్రిప్టులు నడిపే అలవాటే లేదు. గడులు కనిపిస్తాయి, అంకెలు కొట్టొచ్చు, ఈవెంట్ మాత్రం పలకదు. మొత్తం ఖాళీగా ఉంటుంది, లేదా పాతది ఉంటుంది. వెబ్ ఫారంలోనూ స్క్రిప్టుని ఆపేసి ఏ అంకె కావాలంటే ఆ అంకె పంపొచ్చు, మన రెండో సంవత్సరం పిల్లలకి కూడా తెలిసిన విద్యే. అందుకని ఫారంలో వేసిన లెక్క నింపేవాడి సౌకర్యం కోసం. డబ్బు చేతులు మారే లెక్కని సర్వర్ దగ్గర మొదటినుంచి మళ్ళీ వెయ్యాల్సిందే. కాటా దగ్గర తూచాక కూడా లారీ ఎక్కేటప్పుడు టిక్కీలు లెక్కపెడతారుగా.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక అకౌంటెంట్: సార్, మా ఆఫీసులో ఒక ఆన్‌లైన్ ఫారం ఉందండి. సగం నింపుతుండగానే వెళ్ళిపోతుంది. మా అమ్మాయిలే ఏదో నొక్కేస్తున్నారని వాళ్ళని కోప్పడుతున్నాం.)

మేడమ్, మీవాళ్ళు ట్యాలీలో పనిచేస్తారా? (చేస్తారండి.) అదే. ట్యాలీ అనే ఆ అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో ఎంటర్ నొక్కితే తర్వాతి గడికి వెళ్తుంది. వాళ్ళ వేళ్ళకి అదే అలవాటు. వెబ్ ఫారంలో గడిలో ఉండగా ఎంటర్ నొక్కితే, బ్రౌజరు సబ్మిట్ బటన్‌ని తనే నొక్కినట్టు చేస్తుంది. ఫారం వెళ్ళిపోతుంది. ఆ ఫారం చేసినవాళ్ళకి చెప్పండి, గడుల్లో ఎంటర్ నొక్కితే దాని సహజ పని ఆపి తర్వాతి గడికి పంపమని. అరగంట పని. కాకపోతే తెలుగు కొట్టేటప్పుడు మాటని ఖాయం చెయ్యడానికి కూడా కొన్ని కీబోర్డుల్లో ఎంటరే నొక్కుతారు, కంపోజిషన్ నడుస్తోందేమో చూసుకుని మరీ ఆపమనండి. ఈలోగా మీ అమ్మాయిల్ని కోప్పడకండి మేడమ్, వాళ్ళు రోజూ నొక్కేదే నొక్కారు.